మధ్యాహ్నం పన్నెండింటి ఆట

ఈసారి ఏం రాస్తున్నావని అడిగిన స్నేహితురాళ్లకి, అమెరికా టి.వి.లో పగటిపూట వచ్చే ఆటల గురించి అని చెప్పాను. ఇద్దరు నవ్వారు. మూడో ఆమె మాత్రం హక్కుల పత్రికలో దానికేం పని అని సూటిగానే అడిగింది. ఆమెకి జవాబుగానే ఈ నాలుగు మాటలూ.

1985లో నేను ఒహాయోలో ఒక చిన్న యూనివర్సిటీ ఊళ్లో ఉన్నాను. ఎఫ్-2 వీసా, అంటే అక్కడ చదువుకుంటున్న మనిషి భార్యకిచ్చే వీసా. దాని మీద ఉద్యోగం చెయ్యకూడదు. ఇప్పటికీ అంతే. ఇక్కడ ఎం.ఏ. చదివి మూడేళ్లు పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని, అక్కడికి వెళ్లేసరికి ఇంకొకరి కాగితాల్లో ఒక పేరునయ్యాను. పొద్దున్న ఎనిమిదికి ఆయన ల్యాబుకి వెళ్తే మళ్లీ రాత్రికే. చంకలో పిల్ల, కిటికీ బయట మంచు, ఇంట్లో ఎవరో ఊరు మారుతూ అమ్మేసిన పాత టి.వి.

మధ్యాహ్నం పన్నెండింటికి ఎన్.బి.సి. నెట్‌వర్కులో 'సూపర్ పాస్‌వర్డ్' అనే ఆట వచ్చేది. ఇద్దరు మామూలు మనుషులు, ఇద్దరు పేరున్న నటులతో జట్టు కట్టి కూర్చుంటారు. ఒకరికి ఒక మాట ఇస్తారు. ఆ మాట బయటికి చెప్పకుండా, ఒకే ఒక్క వేరే మాట సూచనగా ఇచ్చి, జతగాడి చేత దాన్ని చెప్పించాలి. అంతే ఆట. నాది పుస్తకాల ఇంగ్లీషు. కొట్లో నోరు విప్పితే అవతలివాళ్లు మొహం చూసేవాళ్లు. ఏ మాట వింటే వాళ్లకి ఏ మాట గుర్తొస్తుందో నేను ఆ ఆటలోనే నేర్చుకున్నాను. కింది వాటాలో ఉండే ముసలావిడ కీళ్లనొప్పులతో మెట్లు ఎక్కలేదు కాబట్టి నేనే పిల్లని ఎత్తుకుని దిగేదాన్ని. ఇద్దరం పోటీపడి అరుస్తూ చూసేవాళ్లం. నేను రోజు మొత్తంలో మరో పెద్ద మనిషితో మాట్లాడేది ఆ అరగంటే. ఆవిడా అంతే.

ఒక సోమవారం ఆట రాలేదు. దాని స్థానంలో ఎప్పటిదో పాత హాస్యనాటిక వేశారు. మంగళవారమూ అదే. దేశంలో మిగతా ఊళ్లలో ఆట వస్తూనే ఉంది, మా ఊరి స్టేషనే దాన్ని ఆపేసింది. ముందుగా ఒక్క మాట చెప్పలేదు.

ఢిల్లీ నుంచి వచ్చిన దూరదర్శన్ని అందరం ఒకేసారి చూసిన మనకి ఇది వింతగా ఉంటుంది. అక్కడ నెట్‌వర్కు కార్యక్రమాన్ని పంపిస్తుంది. దాన్ని ఊళ్లో ప్రసారం చేసేది చాలాచోట్ల వేరే యజమాని స్టేషను. నెట్‌వర్కు పంపినదాన్ని వద్దనే హక్కు ఆ స్టేషనుకి ఉంది. ఎఫ్.సి.సి. అనే ప్రభుత్వ సంస్థ 1941లో పెట్టిన నిబంధనల్లో అది ఉంది. 1943లో సుప్రీంకోర్టు కూడా ఆ నిబంధనల్ని సమర్థించింది. ఎక్కడో న్యూయార్కులో కూర్చున్నవాళ్లు ఊరూరి మంచిచెడ్డలు నిర్ణయించకూడదనేది ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని నేనూ కాదనను. సుడిగాలి వస్తోందని చెప్పడానికి ఆట ఆపితే ఎవరు కాదంటారు? 1973లో వాటర్‌గేట్ విచారణ కోసం నెట్‌వర్కులే పగటి సీరియళ్లనీ ఆటల్నీ పక్కన పెట్టాయి. దేశాధ్యక్షుడి బండారం బయటపడుతుంటే ఆట ఆగడం న్యాయమే.

మా పన్నెండు గంటలకి జరిగింది అది కాదు. నెట్‌వర్కు కార్యక్రమం వేస్తే ప్రకటనల సమయంలో ఎక్కువ భాగం నెట్‌వర్కుది, స్టేషనుకి దక్కేది కొద్ది నిమిషాలూ నెట్‌వర్కు ఇచ్చే కొంత సొమ్మూ. సొంతంగా కొన్న పాత నాటిక వేసుకుంటే ప్రకటనల డబ్బు దాదాపు తనదే. ఊరి అవసరం కోసం ఇచ్చిన హక్కుని ఇలా గల్లాపెట్టె కోసం వాడుకుని, దానికి 'స్థానిక అభిరుచి' అని పేరు పెట్టారు. ఆ స్థానికులు ఎవరు? మమ్మల్ని ఎవరడిగారు?

అప్పట్లో వాళ్లు చెప్పే ఇంకో మాట, ఇంట్లో ఉండే ఆడవాళ్లు తగ్గిపోతున్నారని. నిజమే. అమెరికాలో ఉద్యోగంలోనో ఉద్యోగ ప్రయత్నంలోనో ఉన్న స్త్రీలు 1970లో వందకి 43 మంది, 1990 నాటికి 57 దాటారు. మరి పగలు ఇంట్లో మిగిలిందెవరు? ముసలివాళ్లు, జబ్బుపడ్డవాళ్లు, చంటిపిల్లల తల్లులు, రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాళ్లు, పని చెయ్యడానికి చట్టమే ఒప్పుకోని నాలాంటివాళ్లు. గొంతు వినిపించని వాళ్లే మిగిలారు కనుక వాళ్ల అరగంటని అడక్కుండా తీసేసుకోవచ్చని అర్థమా?

ఇంకో గమ్మత్తు ఉంది. నెట్‌వర్కు కార్యక్రమాన్ని ఎంతమంది చూశారనే లెక్క దేశంలో టి.వి. ఉన్న ఇళ్లన్నిటి మీదా కడతారు. స్టేషను ఆ కార్యక్రమమే వెయ్యని ఊళ్లలోని ఇళ్లూ అందులో చేరతాయి. చూపించని చోట చూడలేదని లెక్క! ఎక్కువ స్టేషన్లు ఆపితే రేటింగు పడుతుంది, రేటింగు పడిందని మిగతా స్టేషన్లూ ఆపుతాయి, చివరికి ఎవరూ చూడటం లేదని నెట్‌వర్కే మూసేస్తుంది. పన్నెండు గంటలు చాలా స్టేషన్లు తమ సొంత వార్తలకి ఉంచుకునే వేళ కాబట్టి అక్కడ పెట్టిన ఆట మొదట్నుంచీ ఎదురీదాల్సిందే. సూపర్ పాస్‌వర్డ్ 1989లో ఆగింది. 1994 జనవరి తర్వాత చాలా ఏళ్లు మూడు పెద్ద నెట్‌వర్కుల పగటివేళలో మిగిలిన ఆట 'ది ప్రైస్ ఈజ్ రైట్' ఒక్కటే.

ఆ ఆటలేమీ స్త్రీ విముక్తి పాఠాలు కావు, నాకు తెలుసు. ఫ్రిజ్ పక్కన చెయ్యి ఊపుతూ నవ్వే అమ్మాయిల్ని చూసి నాకూ ఒళ్లు మండేది. నడిపేవాళ్లు దాదాపు అందరూ మగవాళ్లే. 1983లో బెట్టీ వైట్ 'జస్ట్ మెన్!' అనే ఆట నడిపి, ఆటల నిర్వాహకులకిచ్చే డేటైమ్ ఎమ్మీ అందుకున్న మొదటి స్త్రీ అయింది. అదీ ఎన్.బి.సి.లో పన్నెండింటి ఆటే. మూడు నెలల్లో పోయింది. కానీ చూసేది గొప్పదా కాదా అన్నదాన్ని బట్టి హక్కు ఉంటుందా? మనం చదివే నవలల్ని చూసి ఇంట్లో మగవాళ్లు వెక్కిరించడం గుర్తు తెచ్చుకోండి. "ఒక ఆట కోసం ఇంత గొడవా నీకు?" అని మా ఆయన కూడా అన్నాడు. ఆదివారం ఫుట్‌బాల్ ఆపేస్తే ఏం చేస్తారని అడిగితే మాట్లాడలేదు.

ఈ హక్కు మాట నేను పుట్టించింది కాదు. మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్‌లో ఒక స్టేషను, 1955లో నల్లజాతి న్యాయవాది థర్గుడ్ మార్షల్ నెట్‌వర్కులో మాట్లాడుతుంటే ప్రసారం ఆపి, కేబుల్ చెడిందని బోర్డు పెట్టింది. అక్కడి నల్లవాళ్లు, వాళ్లకి తోడుగా ఒక చర్చి సంస్థ, ఆ స్టేషను లైసెన్సు మీద పోరాడారు. లైసెన్సు విచారణలో ప్రేక్షకుల మాట కూడా వినాల్సిందేనని 1966లో కోర్టు తీర్పు చెప్పింది. 1969లో ఆ లైసెన్సే పోయింది. మా ఆట పోవడాన్ని వాళ్ల బాధతో పోల్చే సాహసం చెయ్యను. కానీ వాళ్లు తెరిచిన తలుపులోంచే 1972లో నేషనల్ ఆర్గనైజేషన్ ఫర్ విమెన్ లోపలికి వెళ్లి, స్త్రీలని చూపించే తీరు మీదా ఉద్యోగాల్లో వివక్ష మీదా న్యూయార్కులోని డబ్ల్యు.ఎ.బి.సి. స్టేషను లైసెన్సుని ప్రశ్నించింది. గెలవలేదు, అది వేరే సంగతి.

ఈ చరిత్రంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు చేసిందల్లా ముసలావిడా నేనూ కలిసి స్టేషనుకి ఉత్తరం రాయడం. ఆవిడ చెప్పింది, నేను రాశాను. నా ఇంగ్లీషు తప్పులు ఆవిడ దిద్దింది. మూడు వారాలకి నాలుగు లైన్ల టైపు జవాబు వచ్చింది, అభిరుచి, ధన్యవాదాలు, సంతకం. ప్రేక్షకుల ఉత్తరాల్ని స్టేషను మూడేళ్లు ఫైల్లో ఉంచాలని, అడిగినవాళ్లకి చూపించాలని రూలుందని ఆవిడకి తెలుసు. నన్ను పంపింది.

పిల్లని ఒళ్లో పెట్టుకుని ఆ ఆఫీసులో గంటసేపు చదివాను. మా ఉత్తరం ఉంది. మా ఆట గురించే ఇంకో పదకొండు ఉన్నాయి. ఒక్కటి తప్ప అన్నీ ఆడవాళ్లవే. ఒకామె నర్సు, రాత్రి డ్యూటీ దిగి నిద్ర లేచే వేళకి అదే చూస్తానని రాసింది. ఒకామె తల్లికి పక్షవాతమట, మాట తిరిగి రావడానికి ఆ ఆట పనికొస్తోందని రాసింది. ఎవరికి వారు తమ ఒక్కరికే ఈ బాధ అనుకుని, క్షమాపణలు చెప్పుకుంటూ రాశారు. వాళ్ల పేర్లు రాసుకొచ్చి ఆవిడకి చదివి వినిపించాను. ఇందరమున్నామా అంది. అందరం కలిసి ఒక్క ఉత్తరం రాద్దామనుకున్నాం గానీ, వేసవిలో మా ఆయన చదువు ముగిసి మేము ఊరు మారాం.

ఆ ఫైలు రూలుని 2017లో ఎఫ్.సి.సి. ఎత్తేసింది. ఇప్పుడు స్టేషనుకి ఉత్తరం రాసినామెకి, తనలా ఇంకెవరు రాశారో చూపించమని అడిగే హక్కు లేదు.