మరుగుదొడ్డి నిర్మాణంతోనే సరిపోదు
పసిపిల్లల అతిసార నివారణలో ఇంటి పారిశుధ్యమే కీలకం

వర్షాకాలం ప్రవేశించడంతోనే గ్రామాలలో అతిసార వ్యాధి తలెత్తడం ఏటా చూస్తున్నదే. తాగునీటి పైపులలోకి మురుగు చేరడం, బావులు, చేతిపంపుల చుట్టూ నీరు నిలిచిపోవడం, ఈగలు ముసరడం ఇందుకు ప్రధాన కారణాలు. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి పలువురు ప్రాణాలు కోల్పోయిన ఉదంతం గ్రామీణ పారిశుధ్యంపై మరోసారి అందరి దృష్టిని మళ్లించింది. పెద్దలనే కుంగదీసే ఈ వ్యాధి అయిదేళ్లలోపు పిల్లలకు మరింత ప్రమాదకరం. విరేచనాల ద్వారా నీరు, లవణాలు వేగంగా తరిగిపోయి, సకాలంలో భర్తీ చేయకపోతే బిడ్డ ప్రాణానికే ముప్పు ఏర్పడుతుంది.

గణాంకాలు చెబుతున్నదేమిటి?

1999లో మొదలైన సంపూర్ణ పారిశుధ్య కార్యక్రమం, 2014 అక్టోబరు 2న ప్రారంభమైన స్వచ్ఛ భారత్ మిషన్ ఫలితంగా వ్యక్తిగత మరుగుదొడ్ల నిర్మాణం విస్తృతంగా సాగింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఏ మరుగుదొడ్డినీ వాడని కుటుంబాలు 2015-16లో 39 శాతం కాగా, 2019-21 నాటికి 19 శాతానికి తగ్గాయి. ఇది గణనీయమైన ప్రగతి. అయితే సర్వేకు ముందు రెండు వారాలలో అతిసారానికి గురైన అయిదేళ్లలోపు పిల్లల శాతం అదే కాలంలో 9.2 నుంచి 7.3కు మాత్రమే తగ్గింది. మరుగుదొడ్లు పెరిగినంత వేగంగా వ్యాధి తగ్గలేదన్నది దీనివల్ల స్పష్టమవుతోంది.

ఒడిశాలోని పూరీ జిల్లాలో 100 గ్రామాలలో జరిపిన అధ్యయనం ఫలితాలు 2014లో వెలువడ్డాయి. మరుగుదొడ్ల నిర్మాణం చేపట్టిన గ్రామాలలో అవి ఉన్న ఇళ్లు సగటున 9 శాతం నుంచి 63 శాతానికి పెరిగినప్పటికీ, పిల్లలలో అతిసారం చెప్పుకోదగినంతగా తగ్గలేదు. నిర్మాణం ఒక ఎత్తయితే, ఇంటిల్లిపాదీ నిత్యం వాడడం మరొక ఎత్తు.

గడప లోపలి లోపాలు

పసిపిల్లల మలం వల్ల హాని లేదన్న అపోహ నేటికీ అనేక కుటుంబాలలో ఉంది. పెద్దలు మరుగుదొడ్డిని వాడుతున్నా, బిడ్డ మలాన్ని పెరట్లోనో, పెంటకుప్పపైనో, వీధి కాలువలోనో పారవేయడం పరిపాటి. నిజానికి వ్యాధికారక క్రిములు అందులోనూ ఉంటాయి. నేలపై పాకే బిడ్డ చేతుల ద్వారా, ఈగల ద్వారా, తల్లి కలిపే అన్నం ద్వారా అవి తిరిగి నోటిలోకే చేరతాయి. కావున పిల్లల మలాన్ని కూడా మరుగుదొడ్డిలోనే వేయాలి. బిడ్డను శుభ్రపరచిన తరువాత, మల విసర్జన అనంతరం, వంటకు ముందు, బిడ్డకు అన్నం పెట్టే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తాగునీటిపై మూత ఉంచి, పిడి గల గరిటెతో తీసుకోవాలి. ముంత ముంచితే చేతి మురికి నీటిలో కలుస్తుంది. మరుగుదొడ్డి వద్ద నీటి వసతి లేకుంటే ఈ అలవాట్లు నిలవవు. కనుక కుళాయి కనెక్షను, పారిశుధ్యం పరస్పరం ముడిపడిన అంశాలుగా పంచాయతీలు గుర్తించవలసి ఉంది.

నివారణకు తోడు సకాలంలో చికిత్స

ఆరు నెలల వరకు బిడ్డకు తల్లిపాలు తప్ప మరేమీ, చివరకు నీళ్లు సైతం, పట్టనవసరం లేదు. తీవ్ర అతిసారానికి ముఖ్య కారణమైన రోటా వైరస్ నిరోధక టీకాను దేశంలో 2016లో తొలివిడత ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 6, 10, 14 వారాల వయసులో దీనిని ఉచితంగా ఇస్తున్నారు. ఇతర క్రిముల నుంచి ఈ టీకా రక్షణ ఇవ్వదు గనుక పరిశుభ్రత అవసరం తీరిపోదు.

విరేచనాలు మొదలైన వెంటనే ఓ.ఆర్.ఎస్. పట్టాలి. లీటరు నీటికి కలిపే పెద్ద ప్యాకెట్టును పూర్తిగా ఒకేసారి కలిపి, 24 గంటలలోపు వాడాలి. తల్లిపాలు, ఆహారం మానరాదు. రెండు నెలలు దాటిన పిల్లలకు ఆరోగ్య కార్యకర్త సూచించిన మోతాదులో జింక్ మాత్రలను, విరేచనాలు తగ్గినా, 14 రోజులు ఇవ్వాలి. 2019-21 సర్వేలో అతిసారం సోకిన పిల్లలలో 60.6 శాతానికి ఓ.ఆర్.ఎస్., 30.5 శాతానికి మాత్రమే జింక్ అందింది. కళ్లు లోతుకు పోవడం, మగతగా ఉండడం, ఏమీ తాగలేకపోవడం, మలంలో రక్తం కనిపించడం వంటి లక్షణాలుంటే తక్షణం ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

2014 నుంచి ఏటా జరిగిన అతిసార నియంత్రణ పక్షోత్సవాలను 2024లో రెండు నెలల కార్యక్రమంగా విస్తరించారు. ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు ఇంటికి వెళ్లినప్పుడు ప్యాకెట్టు అందించడంతోపాటు, బిడ్డ మలాన్ని ఎక్కడ వేస్తున్నారని తల్లిని అడగగలిగితే ఈ కృషి మరింత ఫలప్రదమవుతుంది. నిర్మించిన మరుగుదొడ్ల సంఖ్యతోపాటు, వాటిని ఇంట్లోని అతి చిన్న బిడ్డ కోసమూ వాడుతున్న కుటుంబాల సంఖ్యను కూడా ప్రగతికి కొలమానంగా తీసుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.