విశాఖలో ఎనిమిది గంటలు



కార్యదర్శి గారు గ్రూపులో పెట్టిన టూర్ ప్లాన్ చూశాను. ఈసారి ఓడ చెన్నై నుంచి విశాఖ వైపు తిరిగితే మన సంఘం సీనియర్లం నలభై మంది వెళ్దామని, విశాఖలో దిగిన రోజు తొమ్మిది చోట్లు చూపిస్తారని రాశారు. కింద చప్పట్ల బొమ్మలు వరసగా పడ్డాయి. నేను చప్పట్లు కొట్టలేదు. అందుకని ముగ్గురు ఫోన్ చేసి "ఏం సార్, మీకు ఇష్టం లేదా?" అని అడిగారు. ఇష్టం లేక కాదు. 2025 జూలైలో నేను ఇంటిల్లిపాదితో అదే దారిలో, చెన్నై, విశాఖ, పుదుచ్చేరి, మళ్ళీ చెన్నై అని తిరిగి వచ్చినవాణ్ణి. నాలుగు మాటలు చెప్పాలి. నా నాలుగు మాటలంటే ఎంత పొడుగో మీకు తెలుసు కదా, కాఫీ పెట్టుకుని కూర్చోండి.

మేము ఏడుగురం. నేను, మా ఆవిడ, కొడుకు, కోడలు, పదమూడేళ్ళ మనవరాలు, ఎనిమిదేళ్ళ మనవడు, మా పెద్దక్క. అక్కకు 74 ఏళ్ళు. బావ పోయాక హోసూరులో కొడుకు దగ్గర ఉంటుంది. ఓడ అంటే మావాడికి సరదా, పిల్లలకు ఈత కొలను, నాకు మాత్రం టిక్కెట్టు ధర చూసి గుండె దడ. అక్కకు ఓడతో పనే లేదు. "ఈ ఓడ విశాఖపట్నంలో ఆగుతుందా?" అని ఒక్క మాట అడిగి, ఆగుతుందనగానే వస్తానంది.

ఎందుకో చెప్పాలి. బావ హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరు. 1948లో నెహ్రూ గారు 'జల ఉష' అనే ఓడను నీళ్ళలోకి వదిలింది ఆ యార్డులోనే, అప్పటికది సింధియా వారిది. బావ చేరింది ఎప్పుడో తర్వాతైనా, ఆ ఓడను తానే బిగించినట్టు చెప్పేవాడు. 1972లో అక్క కాపురానికి వెళ్ళింది యార్డు పక్కనే ఉన్న మల్కాపురం. 1974లో కొడుకు పుట్టాడు. ఆ మే నెలలోనే పసివాడికి జ్వరం పట్టుకుంది. అదే నెల 8న దేశమంతా రైల్వే సమ్మె మొదలైంది, 27 దాకా సాగింది. మా నాన్న జోలార్‌పేట షెడ్డులో ఫైర్‌మన్, ఆయనా సమ్మెలో ఉన్నాడు. ఇంటి నుంచి ఎవరమూ వెళ్ళలేకపోయాం. బావకు రాత్రి షిఫ్టు. ఇరవై మూడేళ్ళ పిల్ల ఒంటరిగా పసివాణ్ణి ఒళ్ళో పెట్టుకుని సింహాద్రి అప్పన్నకు మొక్కుకుంది, బిడ్డ బతికితే కొండకు తీసుకొచ్చి తలనీలాలు ఇప్పిస్తానని. బిడ్డ బతికాడు. ఆ తర్వాత ఇదీ అదీ అడ్డమొచ్చి కొండ ఎక్కనే లేదు. 1977లో బావ ఉద్యోగం మారి ఇటు వచ్చేశారు. మొక్కు అలాగే ఉండిపోయింది. ఇదంతా నాకు కూడా ఓడ ఎక్కబోయే ముందే తెలిసింది.

ఓడలో మా కొడుకు అందరికీ కలిపి బస్సు టూరు బుక్ చేశాడు. ఐదు గంటల్లో ఏడు చోట్లు: కైలాసగిరి, రామకృష్ణా బీచ్, జలాంతర్గామి మ్యూజియం, విమానం మ్యూజియం, రుషికొండ, ఒక పార్కు, చివర షాపింగు. ఆ పట్టిక నా చేతికిచ్చాడు. నేను ముప్పై ఏడేళ్ళు రైల్వేలో క్లర్కుగా చేసిన మనిషిని. టైమ్‌టేబుల్ చూస్తే ముందు చూసేది రికవరీ టైమ్. అంటే బండి ఆలస్యమైతే సర్దుకోవడానికి దారిలో వదిలి ఉంచే కొన్ని నిమిషాలు. అది లేని టైమ్‌టేబుల్ కాగితం మీదే నడుస్తుంది. ఈ పట్టికలో ఒక్క నిమిషం లేదు. ముసలివాళ్ళు బస్సు మెట్లు ఏడుసార్లు ఎక్కి దిగడానికి ఎంత సేపు పడుతుందో కూడా వేసుకోలేదు. నలభై మందికి ఒక్కో ఆగే చోట పది నిమిషాలు అందులోనే పోతాయి. సింహాచలం పట్టికలో లేనే లేదు.

"అత్తా, ఇంకోసారి వెళ్దాం, ఈసారి టైము చాలదు" అన్నాడు మావాడు. తప్పుగా అనలేదు, డబ్బు కట్టేశాడు పాపం. అక్క "సరే నాయనా" అంది. ఆ 'సరే' నాకు తెలిసిన 'సరే'. మా అమ్మ కూడా అలాగే అనేది. రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే చెప్పాను, మీరు నలుగురూ బస్సులో పోండి, మేం ముగ్గురు ముసలివాళ్ళం టాక్సీలో పోతామని. మా టిక్కెట్ల డబ్బు వెనక్కి రాలేదు. పోనీ.

తెల్లవారేసరికి ఓడ విశాఖ దగ్గరికి వచ్చింది. డెక్కు మీద అందరూ డాల్ఫిన్స్ నోస్, డాల్ఫిన్స్ నోస్ అని ఫొటోలు తీస్తున్నారు. అక్క కమ్మీ పట్టుకుని "అది యారాడ కొండ కదరా, దాని వెనకాలే మా ఇల్లు" అంది. అంతసేపూ ఆ కొండ వైపే చూస్తూ నిలబడింది, కాఫీకి పిలిస్తే రాలేదు.

టెర్మినల్ కొత్తది, 2023లో ప్రారంభించారు. క్యూలు దాటి పోర్టు గేటు బయటికి వచ్చేసరికి తొమ్మిది. సాయంత్రం ఐదుకల్లా ఓడ మీద ఉండాలి. టాక్సీ మాట్లాడుకున్నాం. డ్రైవరు గోపాలపట్నం అబ్బాయి, ముప్పై ఏళ్ళుంటాయి. నేను రెండు మాటలు మాట్లాడానో లేదో, "మీదే ఊరండీ? తెలుగే గానీ ఏటో తేడాగుంది" అన్నాడు.

ఇక్కడ నా గొడవ కొంచెం. నేను చదివింది అరవ మీడియం. ఇంట్లో తెలుగు, బడిలో అరవం. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ఉద్యోగంలో చేరాక, కుప్పం స్టేషను బోర్డు చూసి. కుప్పం, గుడుపల్లె, హిందూపురం, ఇవే నా పెద్దబాలశిక్ష. బెంగళూరులో నన్ను అందరూ తెలుగువాడంటారు. విశాఖలో టాక్సీ అబ్బాయి తేడాగుందన్నాడు. ఊరంతా ఎటు చూసినా తెలుగు బోర్డులే, ఒక్కొక్కటీ కూడబలుక్కుంటూ చదువుతున్నాను, నాకే సిగ్గేసింది. అప్పుడు వెనక సీట్లోంచి అక్క, "మల్కాపురంలో ఐదేళ్ళున్నాను బాబూ, అప్పటికి నువ్వు గుంటడివి కూడా కాదు" అంది. ఆ యాస ఆమె నోటి నుంచి నేను ఎప్పుడూ వినలేదు. యాభై ఏళ్ళు ఎక్కడ దాచుకుందో! ఆ అబ్బాయి నవ్వి, ఇక నాతో మాట్లాడటం మానేసి అక్కతోనే మాట్లాడాడు.

కొండ మీదికి పదయ్యేసరికి చేరాం. ఆషాఢ పౌర్ణమి గిరి ప్రదక్షిణకు వారం రోజులే ఉంది. 32 కిలోమీటర్లు జనం కొండ చుట్టూ నడుస్తారు, దానికి దారి పొడుగునా బారికేడ్లు కడుతున్నారు. తలనీలాల చోట అక్క కొడుక్కి ఫోన్ చేసింది. వాడికి ఇప్పుడు 51. "నా తల మీద ఇంకేం మిగిలిందమ్మా ఇవ్వడానికి" అన్నాడు. అందరం నవ్వాం. కొడుకు బదులు అక్కే మూడు కత్తెరలు ఇచ్చింది. తర్వాత లోపలికి వెళ్ళి కప్ప స్తంభాన్ని కౌగిలించుకుని కళ్ళు మూసుకుంది, వెనక మనిషి తొందరపెట్టినా కదల్లేదు. స్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు, నిజరూపం అక్షయ తృతీయ నాడు ఒక్కరోజే. శ్రీకృష్ణదేవరాయలు 1516లో వచ్చి వెళ్ళినట్టు శాసనం ఉంది. ఇవన్నీ అక్కకు చెబుదామని చదువుకుని వెళ్ళాను. చెప్పలేదు. అవసరం కనబడలేదు.

పన్నెండున్నరకు కొండ దిగాం. కింద ఆ కొండ అనాసపళ్ళు కోసి ఉప్పుకారం చల్లి ఇచ్చారు. మన సిటీ మార్కెట్లో దొరికేవాటికి వీటికి పోలికే లేదు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర డ్రైవరు బండి నెమ్మది చేసి, "అమ్మా, ఇటు మళ్ళితే మల్కాపురం. ముప్పావుగంట ఎక్కువవుద్ది, అంతే. మీ వీధి చూసుకుంటారా?" అన్నాడు. అక్క నా వైపు చూసింది. నేను వాచీ చూశాను. ట్రాఫిక్ ఉంటే? టైరు పంక్చరైతే? ఓడ మనకోసం ఆగదు. "వద్దు బాబూ, నేరుగా పోనీ" అన్నాను. అక్క మళ్ళీ "సరే" అంది.

బీచ్ రోడ్డులో భోజనం చేసి, ఓడ మెట్లు ఎక్కేసరికి మూడు. ఐదుకు కదా గడువు. రెండు గంటలు చేతిలో మిగిలాయి! ఆ రెండు గంటలూ అక్క డెక్కు మీద కుర్చీ వేసుకుని యారాడ కొండ వైపు తిరిగి కూర్చుంది. కొడుకు పట్టికలో రికవరీ టైమ్ లేదని వెక్కిరించినవాణ్ణి, నాకు మిగిలింది ఏం చేసుకోవాలో తెలియలేదు. ఇది ఇంతవరకు అక్కకు కూడా చెప్పలేదు.

బస్సువాళ్ళు నాలుగున్నరకు చెమటలతో వచ్చారు. ఏడు చోట్లలో ఐదే అయ్యాయి. జలాంతర్గామి దగ్గరికి తీసుకెళ్ళిన సమయానికి అది తెరవనే లేదట, బయటి నుంచి ఫొటో. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన కుర్సురా అది, ఇసుక మీదికి లాగి మ్యూజియం చేశారు. లోపలికి దూరి చూడాల్సిన వస్తువు. నా మనవడు దానికోసమే మూడు రోజులుగా ఎగురుతున్నాడు, ముఖం వేలాడేసుకుని వచ్చాడు. షాపింగు మాత్రం తప్పలేదు, గంటా పది నిమిషాలు. కైలాసగిరి మీంచి సముద్రం బాగుందని కోడలు అంది, అది నిజమే అయ్యుంటుంది. కానీ వాడి ఒక్కడి కోరిక ముందే అడిగి తెలుసుకుని, జలాంతర్గామి తెరిచే వేళ చూసుకుని అక్కడే గడిపి ఉంటే ఆ రోజు వాడికి జన్మంతా గుర్తుండేది. అక్కకు సింహాచలం ఎలాగో, వాడికి అది అలాగే.

బెంగళూరులో మనం మాత్రం తక్కువ తిన్నామా? నిరుడు మా వియ్యంకుడు ఒక్కరోజు కోసం అనంతపురం నుంచి వచ్చారు, రిటైరైన తెలుగు మాస్టారు. లాల్‌బాగ్ ఇరవై నిమిషాలు, గ్లాస్ హౌస్ ముందు ఫొటో, విధానసౌధ రోడ్డు మీంచి, ప్యాలెస్, ఒక మాల్, మధ్యలో సిల్క్ బోర్డు దగ్గర గంటన్నర పొగ. రాత్రి భోజనాల దగ్గర ఆయన మెల్లగా అడిగారు: "కెంపేగౌడ తెలుగులో గంగాగౌరీవిలాసం అని యక్షగానం రాశాడంటారు కదండీ, ఆయన గుర్తు ఏమైనా ఉందా ఈ ఊళ్ళో?" లాల్‌బాగ్‌లో ఆ బండ మీద ఉన్నది కెంపేగౌడ గోపురమే. దాని కిందనే నిలబడి "పదండి పదండి, టైమవుతోంది" అన్నది నేనే. ముందు రోజు రాత్రి ఒక్క మాట అడిగి ఉంటే పొద్దుటంతా అక్కడే కూర్చునేవాళ్ళం.

అందుకని కార్యదర్శి గారికి నా మనవి. ఓడ వద్దని అనను. సముద్రం మీంచి విశాఖను తెల్లవారుజామున చూడటం రైల్లో దొరికేది కాదు, పిల్లలున్న వాళ్ళు తప్పక వెళ్ళండి. కానీ సంఘం తరఫున, అందులోనూ డెబ్బై దాటినవాళ్ళతో వెళ్ళేటప్పుడు తొమ్మిది చోట్ల పట్టిక వద్దు. పేర్లు ఇచ్చేటప్పుడే ప్రతి సభ్యుణ్ణీ అడగండి, విశాఖలో మీకు ఏం చూడాలనుంది, ఒక్కటి చెప్పండి అని. మనలో ఆంధ్రా యూనివర్సిటీలో చదివినవాళ్ళున్నారు, కేజీహెచ్‌లో పుట్టినవాళ్ళున్నారు, స్టీల్ ప్లాంటులో పనిచేసినవాళ్ళున్నారు. వాళ్ళకు కైలాసగిరి చూపించి తీసుకొస్తామా? నాలుగు చిన్న బళ్ళు మాట్లాడి నాలుగు దిక్కులకు పంపితే ఖర్చు కూడా బస్సు టూరుకంటే పెద్దగా ఎక్కువ కాదు, మా టాక్సీ లెక్క నా దగ్గరుంది, మీటింగుకు తెస్తాను.

ఓడకు అంత డబ్బు పెట్టలేని సభ్యులు కూడా ఉన్నారు, గ్రూపులో చెప్పరు గానీ నాకు ఫోన్ చేసి చెప్పారు. వాళ్ళకోసం ఇంకో దారి. బెంగళూరు నుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ నేరుగా విశాఖ పోతుంది. మధ్యాహ్నం ఎక్కితే మర్నాటికి అక్కడ. రెండు రాత్రులు ఉండి రావచ్చు, గడువు గంట ఎవరూ కొట్టరు. టిక్కెట్ల పని నేను చూస్తాను, అరవై దాటినవాళ్ళ పేర్లు వయసుతో సహా నాకు పంపండి, కింది బెర్తులకు ప్రయత్నించాలి.

జాబితాలో ఒక పేరు అప్పుడే రాశాను. అక్కది. ఆ పేరు పక్కన, చూడాల్సిన చోటు అని ఉన్న గడిలో, మల్కాపురం అని తెలుగులోనే రాశాను.