కర్ర ఎందుకు వంగింది?

ఈ నెల ప్రశ్న కల్వకుర్తి నుంచి వచ్చింది. రాసినవాడు ఏడో తరగతి చదువుతున్నాడు. వాళ్ళ అన్న రెండేళ్ళు డబ్బు కూడబెట్టి, పూల్ ఆటకు తన చేతికి తగినట్టుగా ఒక క్యూ కర్ర చేయించుకున్నాడట. వేసవి సెలవుల్లో అన్న ఊళ్ళో లేనప్పుడు తమ్ముడు దాన్ని తీసి, ఒక పూట నేలమీద గోలీలను కొట్టి, తలుపు మూలన గోడకు ఆనించి మరిచిపోయాడు. దసరాకు అన్న వచ్చి చూస్తే కర్ర వంకర! అప్పటినుంచీ అన్న మాట్లాడటం లేదు. “ఒక్క పూట ఆడితే కర్ర వంగుతుందా? దీన్ని బాగుచేయవచ్చునా?” అని తమ్ముడు అడుగుతున్నాడు.

ఎండిన కర్రలో ఇక ఏ మార్పూ రాదని మనం అనుకుంటాం. కాని అది గాలిలోని తేమను పీలుస్తూ, వదులుతూనే ఉంటుంది. మే నెలలో చిటికెన వేలితో తోస్తే మూసుకునే తలుపు, ఆగస్టులో భుజం పెట్టి తోసినా కదలదు. ఎడ్లబండి గలవారికి ఈ సంగతి ఇంకా బాగా తెలుసు. ఎండలకు చక్రం కర్ర కుదించుకుపోయి ఇనుపపట్టా వదులవుతుంది. బండిని చెరువు నీళ్ళలో నిలబెడితే కర్ర ఉబ్బి, పట్టా మళ్ళీ బిగుస్తుంది.

ఇందులో ఒక తమాషా ఉంది. కర్ర అడ్డంగా ఉబ్బినట్టు నిలువుగా పెరగదు. పూల్ క్యూలకు ఎక్కువగా వాడేది చలిదేశాల్లో పెరిగే మేపుల్ కర్ర. పచ్చి మేపుల్ పూర్తిగా ఎండేసరికి అడ్డంగా నూటికి 5 మొదలు 10 వంతుల దాకా తగ్గుతుంది. నిలువుగా తగ్గేది మాత్రం వెయ్యికి ఒకటి రెండు వంతులే! కర్ర అంటే సన్నని గొట్టాల కట్ట. తేమ ఆ గొట్టాల గోడలను లావు చేస్తుందే గాని, పొడుగు చేయలేదు.

మరి వంకర ఎలా వచ్చింది? తేమ ఒకవైపే తగిలితే ఆ కొద్దిపాటి మార్పే చాలు. లెక్క చూడండి. క్యూలో ముందు సగం సుమారు 700 మిల్లీమీటర్ల పొడుగు, 12 మిల్లీమీటర్ల లావు ఉందనుకుందాం. ఒక పక్క రెండో పక్కకన్నా 0.2 మిల్లీమీటరు పెరిగితే, అంటే మీ నోటుపుస్తకంలో రెండు కాగితాల మందమన్న మాట, నడుమ దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్ల వంపు వస్తుంది. బంతి గురి తప్పటానికి అది చాలదూ?

నమ్మకం కుదరకపోతే మెరుపు పూత లేని పాత శుభలేఖ అట్టను ఒకవైపే తడి గుడ్డతో అద్ది చూడండి. తడి తగిలిన వైపు ఉబ్బెత్తుగా లేస్తుంది.

ఇక తీర్పు. గోలీలాటకు కర్ర వంగలేదు. వానల్లో చెమ్మగిల్లిన గోడకు నాలుగు నెలలు ఆని ఉండటం వల్లనే వంగి ఉంటుంది. నానుతూ, ఆరుతూ ఉండే కర్ర తన బరువుకు తానే లొంగుతుంది. తరవాత నిలబెట్టినా పూర్తిగా వెనక్కు రాదు. ఆడినందుకు తమ్ముడికి శిక్ష అక్కరలేదు. గోడకు ఆనించినందుకు తిట్లు తినవలసిందే. అయితే అంత ఖరీదు పెట్టిన అన్న దానికొక పెట్టె కొనకపోవటం నాకు వింతగానే ఉంది.

బాగుచేసే ముందు నిజంగా వంగిందో లేదో చూడాలి. రెండు సగాలనూ విడదీసి, ఒక్కొక్కదాన్నీ చదునైన బల్లమీద దొర్లించండి. కింద వెలుగు సందు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే వంపు ఉన్నట్టే. విడివిడిగా సాఫీగా దొర్లి, బిగించినప్పుడే ఎగిరితే తప్పు అతుకుది. అక్కడ దుమ్ము చేరిందేమో తుడవండి.

గొర్లకాపరులు వెదురుకర్రకు నూనె రాసి, నిప్పుసెగన కాచి, చెట్టు పంగలో పెట్టి వంచి, చల్లారేదాకా పట్టుకుంటారు. కర్రలో నారలను అంటించి ఉంచే పదార్థం వేడికి మెత్తబడి, చల్లారితే గట్టిపడుతుంది. కాని ఈ వైద్యం క్యూకు చేయకండి! దాని జిగురు వదులుతుంది, పైపూత పొక్కుతుంది. తడిగుడ్డ చుట్టటం, బరువులు వేలాడదీయటం కూడా వద్దు. ఎండ తగలని, గాలి ఆడే గదిలో ముందు సగాన్ని దారంతో నిలువుగా వేలాడదీసి నెలరోజులు వదిలేయండి. తేమ అన్నివైపులా సమమైతే కొంత వంపు తనంతట తానే తగ్గవచ్చు. చేత్తో నెమ్మదిగా ఎదురు వంచితే సరి అయినట్టు కనిపిస్తుంది గాని, తరచు మళ్ళీ వంగుతుంది. అప్పటికీ కుదరకపోతే చేసినవాడి చేత ముందు సగాన్ని మాత్రం కొత్తది చేయించుకోవచ్చు. పిడి వృథా పోదు.

మంచి పనివాడు కర్రను ఒక్కసారిగా సన్నం చేయడు. కొంచెం చెక్కి, కొన్ని వారాలో నెలలో ఊరుకుని, వంగినదాన్ని పక్కన పారేసి, నిలిచినదాన్నే మళ్ళీ చెక్కుతాడు. నార చివరిదాకా నిటారుగా ఉన్న కర్రనే ఎన్నుకుంటాడు. అందుకే దానికి అంత ధర.

కొత్తది వచ్చాక ఆట అయిపోగానే పొడిగుడ్డతో తుడిచి, పెట్టెలో పడుకోబెట్టాలి. కొసల్లోంచి తేమ త్వరగా ఎక్కుతుంది గనుక అక్కడి పూత చెదరకుండా చూడాలి. ఎండలో నిలిపిన కారులోనూ, రేకుల కప్పు కిందా పెట్టరాదు. తలుపు మూలన అసలే పెట్టరాదు.