చోటు మారితే రంగు మారుతుంది!

కోటప్పకొండ తిరునాళ్ల వస్తోందంటే నరసరావుపేట ఫ్లెక్సీ షాపులకు నిద్రుండదు. భక్తులకు స్వాగతాలు కొన్ని, నాయకుల నమస్కారాలు మరిన్ని! ఒకప్పుడు ఇదంతా కుంచె పట్టిన ఆర్టిస్టుల పని. గుడ్డ బ్యానరు రాసి, ఆరబెట్టి ఇచ్చేసరికి పూట గడిచేది. 2000 తర్వాత ఊళ్లలోకి వచ్చిన పదడుగుల ప్రింటర్లు ఆ కుంచెను పక్కన పెట్టించాయి.

మరి అంత పెద్ద ప్రింటర్‌ను వేరే షాపుకు మార్చాలంటే? వ్యానూ, ఆరుగురు మనుషులూ చాలనుకుంటాం. మోయడం అసలు పనే కాదు.

నరసరావుపేటలో నడిచిన మెషీన్ మాచర్లకు వెళ్తోందనుకోండి. ముందు గొట్టాల్లో ఇంకు తీసేయాలి. హెడ్లను సాల్వెంట్‌తో కడగాలి. లేకపోతే దారి కుదుపులకు ఇంకు ఒలికి సర్క్యూట్ బోర్డుల మీద పడుతుంది. హెడ్లలో మిగిలింది గట్టిపడి, వెంట్రుకకన్నా సన్నని రంధ్రాలను మూసేస్తుంది. హెడ్డు పోయిందంటే నెల సంపాదన పోయినట్టే. అటూ ఇటూ పరుగెత్తే క్యారేజీని కదలకుండా బిగించాలి. దించాక రసమట్టం పెట్టి కాళ్లు సరిచూడాలి. ఎర్తింగ్ సంగతి సరేసరి. గొయ్యి తీసి, ఉప్పూ బొగ్గూ వేసి పక్కాగా చేయకపోతే బోర్డులకే ముప్పు.

అసలు తిప్పలు కంప్యూటర్ దగ్గర మొదలవుతాయి. ఫొటోను రంగు చుక్కలుగా మార్చి మెషీన్‌కు పంపేది అందులోని 'రిప్' సాఫ్ట్‌వేర్. ఏ రంగు ఎంత పడాలో చెప్పే ప్రొఫైలూ అక్కడే ఉంటుంది. కొత్త కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించి, ఆ ప్రొఫైలు మర్చిపోయారో... గోధుమరంగులో ఉండాల్సిన నాయకుడి మొహం ఇటుకరంగులో వస్తుంది!

తర్వాత కొలతలు. ఫ్లెక్సీ ఒక్కో అడ్డకు ఎంత జరగాలన్నది లెక్క. కాస్త ఎక్కువ జరిగితే తెల్లగీత, తక్కువైతే నల్లగీత. హెడ్డు వెళ్లేటప్పుడు పడిన చుక్కా, వచ్చేటప్పుడు పడినదీ కలవకపోతే అక్షరాలకు నీడలొస్తాయి. అందుకే చిన్న గీతల పట్టీలు కొట్టి, భూతద్దంతో చూసి, ఏ గీతలు కలిశాయో ఆ అంకె కంప్యూటర్‌కు చెబుతారు. నాలుగు రంగులకూ ఇదే తంతు.

ఇక పల్నాడు ఎండలు! మాచర్లకు దగ్గర్లోని రెంటచింతల వేడికి పెట్టింది పేరు. వేడికి ఇంకు పలచబడుతుంది, చుక్క లావవుతుంది. తెల్లారుజామున సరిపోయిన లెక్క మిట్టమధ్యాహ్నం తప్పుతుంది. ఏసీ గది మనుషుల కోసం కాదన్నమాట.

చేయి తిరిగిన ఆపరేటర్లు ప్లగ్గు పీకకముందే ఆ అంకెలన్నీ అట్టముక్క మీద రాసుకుంటారు. సెట్టింగుల ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఉన్నా సరే, అట్ట అట్టే! పాత చోట కొట్టిన మనిషి మొహం ముక్కొకటి కూడా దాస్తారు, కొత్తచోట పక్కన పెట్టి పోల్చుకోవడానికి.

ఎన్నికల ఫ్లెక్సీలో రంగు తేడావస్తే మళ్లీ కొట్టొచ్చు. పెదకర్మ ఫ్లెక్సీ అలా కాదు. పొద్దున్నే పందిట్లో కట్టాలి. అమ్మ ఛాయ ఎలా ఉండేదో పిల్లలకు తెలుసు, మెషీన్‌కు తెలియదు. అందుకే మెషీన్ మార్చిన కొత్తలో ఆపరేటర్ ముందు జానెడు ముక్క కొట్టి, వాకిట్లో వెలుతురులోకి తెచ్చి చూపిస్తాడు. వాళ్లు తలూపాకే మిగతాది.