దవాఖాన కొలువుకు దళారీ ఎందుకు?

జర్మనీలోని ఒక దవాఖానకు నర్సు కావాలంటే మన సర్కారు కదులుతుంది. తెలంగాణ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ, అందరూ టామ్‌కామ్ అని పిలిచే ప్రభుత్వ సంస్థ, ప్రకటన ఇస్తుంది. దరఖాస్తులు తీసుకుంటుంది, అర్హులను ఎంపిక చేస్తుంది, భాష నేర్పించి విమానం ఎక్కిస్తుంది. జపాన్‌లో ముసలివాళ్లను చూసుకునే సిబ్బంది కావాలన్నా అంతే. మంచిదే. కాదనేది లేదు.

కానీ అదే నర్సు బంజారాహిల్స్‌లోని దవాఖానలో కొలువు వెతుక్కుంటే సర్కారు ఎక్కడా కనపడదు. అక్కడ ఏజెన్సీ ఉంటుంది. తెలిసినవాళ్ల సిఫారసు ఉంటుంది. వాక్ ఇన్ పేరుతో పొద్దంతా నిలబెట్టే క్యూ ఉంటుంది. చేరిన రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టిపెట్టుకునే అలవాటు, రెండేళ్లు కదలనని బాండు రాయించుకునే అలవాటు ఉన్నాయి. టామ్‌కామ్ పనిచేసేది కార్మిక, ఉపాధి కల్పన శాఖ కింద. జిల్లా ఉపాధి కార్యాలయాలు ఉన్నదీ అదే శాఖ కింద. పరదేశం దవాఖానకు మధ్యవర్తిగా నిలబడగలిగిన శాఖ, సొంత ఊరి దవాఖాన ముందర ఎందుకు చేతులు కట్టుకుంటున్నది? ఇదీ మనం అడగాల్సిన ప్రశ్న.

నీళ్లు, నిధులు, నియామకాలు అని మనం నినదించినప్పుడు నియామకాలంటే సర్కారు కొలువులే గుర్తుకొచ్చేవి. దానికి కారణం ఉంది. 1969లో పాల్వంచ థర్మల్ స్టేషన్ కొలువుల దగ్గర రాజుకున్న మంట అది. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, వాటి ఉల్లంఘనలను సరిదిద్దడానికి 1985 డిసెంబర్ 30న వచ్చిన 610 జీవో, అది అమలు కాలేదని తేల్చడానికి 2001లో వేసిన గిర్‌గ్లానీ కమిషన్.. ఈ కథంతా సర్కారు నౌకరీల కథే. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. 2018 కొత్త రాష్ట్రపతి ఉత్తర్వులతో స్థానికుల వాటా 95 శాతానికి చేరింది. అయితే 371డి అధికరణం గానీ, రాష్ట్రపతి ఉత్తర్వులు గానీ ప్రైవేటు దవాఖాన గడప దాటి లోపలికి పోవు. ఈ రోజు హైదరాబాద్‌లో వైద్యం అంటే ఎక్కువగా ప్రైవేటు వైద్యమే. అక్కడి కొలువుల సంగతి ఎవరు చూడాలి?

ఈ పనికి పుట్టిన వ్యవస్థ ఒకటుంది. దాని పేరు ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్. పదో తరగతి మెమో పట్టుకుని మల్లేపల్లి ఐటీఐ ఆవరణలోనో, జిల్లా కేంద్రంలోనో లైనులో నిలబడి కార్డు తెచ్చుకున్న తరం ఇంకా మన మధ్యనే ఉంది. మూడేండ్లకోసారి రెన్యువల్ తప్పితే సీనియారిటీ పోతుందన్న భయం ఆ తరానికి తెలుసు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి ఇంటికొస్తున్న సైనికులకు పని చూపడానికి 1945లో మొదలైన ఈ వ్యవస్థ 1948 నాటికి అందరికీ తెరుచుకుంది. శివరావు కమిటీ సిఫారసు మేరకు రాష్ట్రాల చేతికి వచ్చింది ఎప్పుడో తెలుసా? 1956 నవంబర్ 1న. సరిగ్గా హైదరాబాద్ రాష్ట్రం మాయమై ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజున!

ఎక్స్ఛేంజీకి చట్టం బలం కూడా ఇచ్చారు. 1959లో పార్లమెంటు ఖాళీల నిర్బంధ ప్రకటన చట్టం చేసింది. 1960 మే 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. 25 మంది, అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థ కూడా ఖాళీ నింపే ముందు ఎక్స్ఛేంజీకి తెలియజేయాలని అందులో ఉంది. ప్రైవేటు దవాఖాన దీనికి మినహాయింపు కాదు. మరి ఎందుకు పనిచేయలేదు? రెండు కారణాలు చట్టంలోనే ఉన్నాయి. ఖాళీ సంగతి చెప్పాలె తప్ప, ఎక్స్ఛేంజీ పంపినవాళ్లనే తీసుకోవాలని లేదు. చెప్పకపోతే జరిమానా మొదటిసారి 500 రూపాయలు, మళ్లీ తప్పు చేస్తే వెయ్యి. పెద్ద దవాఖానలో ఒక రోజు గది కిరాయి అంతకంటే ఎక్కువుంటుంది. ఆ జరిమానాకు భయపడే యాజమాన్యం ఉంటుందా?

1996లో ఇంకో మలుపు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ శాఖ నియామకాల కేసులో సుప్రీంకోర్టు, ఎక్స్ఛేంజీ నుంచి పేర్లు తెప్పించుకుంటే చాలదు, పత్రికల్లోనూ ప్రకటించి అర్హులందరినీ చూడాలని చెప్పింది. అందరికీ అవకాశం ఉండాలన్న ఆ తీర్పులో తప్పు లేదు. ఏలినవాళ్లు దాని నుంచి తీసుకున్న అర్థమే తప్పు. ఎక్స్ఛేంజీ అవసరం లేదన్నట్టుగా దాన్ని పక్కన పెట్టారు. సిబ్బందిని తగ్గించారు. ఇక నిరుద్యోగి కార్డు పెట్టెలో పడింది.

ఆ ఖాళీ జాగాలోకి వచ్చిందే అవుట్‌సోర్సింగ్. సర్కారు దవాఖానలోనే చూడండి. వార్డు బాయ్, ఆయా, పేషెంట్ కేర్, సెక్యూరిటీ, సఫాయి.. అన్నీ ఏజెన్సీలే. చివరికి స్టాఫ్ నర్సు, ల్యాబ్ టెక్నీషియన్ కూడా ఏజెన్సీ ద్వారానే వస్తున్నారు. జిల్లాల్లో ఈ ఏజెన్సీలను ఎంపానెల్ చేసే ఫైలు నడిచేది ఎక్కడనుకుంటున్నారు? చాలా చోట్ల జిల్లా ఉపాధి కార్యాలయంలోనే. నిరుద్యోగికి, కొలువుకు మధ్య దళారీ ఉండొద్దని పుట్టిన ఆఫీసు, ఇప్పుడు దళారీని ఎంపిక చేసే ఆఫీసైంది. దీన్ని మించిన విషాదం ఏముంటుంది?

దాని ఫలితం కరోనా కాలంలో కండ్లారా చూశాం. 2020 జూలైలో గాంధీ దవాఖానలో అవుట్‌సోర్సింగ్ నర్సులు విధులు బహిష్కరించారు. చప్పట్లు కొట్టించుకున్న చేతులే జీతం కోసం చాచాల్సి వచ్చింది. ఒకే వార్డు, ఒకే రోగి, ఒకే పీపీఈ కిట్టు. ఒకరికి సర్కారు స్కేలు, పక్కనున్నామెకు ఏజెన్సీ చేతిలో పెట్టినంత.

న్యాయంగా చెప్పుకోవాల్సింది కూడా ఉంది. రెగ్యులర్ పోస్టుల భర్తీ కోసం మెడికల్ అండ్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు వచ్చింది. 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో దాదాపు 7 వేల మంది నర్సులు నియామక పత్రాలు అందుకున్నారు. రాష్ట్రం వచ్చేనాటికి ఐదు సర్కారు మెడికల్ కాలేజీలే ఉండగా, ఇప్పుడు జిల్లాకొకటి అయింది. వాటితోపాటు నర్సింగ్ కాలేజీలూ పెరిగాయి. అంటే ఏటా చదువుకుని బయటికొచ్చే ఆడపిల్లల సంఖ్య పెరుగుతున్నది. వీళ్లందరికీ సర్కారు పోస్టు రాదు. ఈ మాట చెప్పడానికి నాయకులు జంకుతారు, మనం జంకొద్దు. మిగిలినవాళ్లు పోయేది ప్రైవేటు దవాఖానకే. అక్కడ వాళ్ల చేయి పట్టుకునేదెవరు?

జీతాల సంగతి కూడా ఇక్కడే తేలాలి. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించడంతో కేంద్రం కమిటీ వేసింది. 200 పడకలు దాటిన ప్రైవేటు దవాఖాన సర్కారు నర్సుతో సమానంగా జీతమివ్వాలని ఆ కమిటీ చెప్పింది. 100 నుంచి 200 పడకలుంటే పది శాతానికి మించి తగ్గొద్దు. 50 నుంచి 100 వరకైతే 25 శాతానికి మించి తగ్గొద్దు. 50 పడకల లోపు ఉన్నా 20 వేలకు తక్కువ ఇవ్వొద్దు. కేరళలో నర్సులు కొట్లాడి 2018లో కనీస వేతనం 20 వేలకు తెచ్చుకున్నారు. మన దగ్గర ఆ సిఫారసు ఎన్ని దవాఖానల్లో అమలవుతున్నదో కార్మిక శాఖ ఒక్కసారి లెక్క తీసి బయటపెట్టాలి. ఖాళీ గుట్టుగా ఉన్నన్ని రోజులు జీతం కూడా గుట్టుగానే ఉంటుంది. ఖాళీ, జీతం కలిపి బోర్డు మీద రాసినప్పుడే నర్సుకు బేరమాడే బలం వస్తుంది.

కేరళ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. హైదరాబాద్ దవాఖానల్లో పనిచేస్తున్న కేరళ అక్కచెల్లెళ్ల మీద ఇది ఏడుపు కాదు. వాళ్లు చదువుకుని, కష్టపడి వచ్చారు. వాళ్ల దగ్గర మనం నేర్చుకోవాల్సింది వేరే ఉంది. కొలువుకు, నర్సుకు మధ్య సర్కారును నిలబెట్టుకోవడం నేర్చుకోవాలి. 2015లో కువైట్ కొలువుల పేరుతో నర్సుల దోపిడీ బయటపడింది. చట్టం 20 వేల లోపు రుసుము ఒప్పుకుంటే, ఒక్కొక్కరి దగ్గర 19 లక్షలకు పైగా గుంజారన్న ఆరోపణ మీద సీబీఐ కేసు అయింది. ఆ ఏడాదే కేంద్రం గల్ఫ్ సహా 18 దేశాలకు నర్సులు సర్కారు సంస్థల ద్వారానే పోవాలని ఆదేశించింది. 2021 డిసెంబర్‌లో కేరళ సంస్థ నోర్కా రూట్స్ జర్మనీతో ట్రిపుల్ విన్ ఒప్పందం చేసుకుంది. అవతలి వైపు సంతకం చేసింది ప్రైవేటు ఏజెన్సీ కాదు. అక్కడి ఫెడరల్ ఎంప్లాయ్‌మెంట్ ఏజెన్సీ, అంటే ఆ దేశపు ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీ! దానితోపాటు జీఐజెడ్ అనే మరో సర్కారు సంస్థ. పద్ధతి సూటిగా ఉంటుంది. దవాఖాన తన అవసరం ఎక్స్ఛేంజీకి చెబుతుంది. ఎక్స్ఛేంజీ మనిషిని వెతుకుతుంది. ఎంపిక, శిక్షణ ఖర్చు యాజమాన్యం భరిస్తుంది. నర్సు దగ్గర పైసా తీసుకోరు.

జర్మనీ దవాఖాన తన దేశపు ఎక్స్ఛేంజీ గడప తొక్కడం నామోషీ అనుకోలేదు. మన కార్పొరేట్ దవాఖానకే ఎందుకు నామోషీ?

యాజమాన్యాలు చెప్పే జవాబు తెలిసిందే. ఎక్స్ఛేంజీ పంపేవాళ్లకు నైపుణ్యం లేదంటారు. నైపుణ్యం ఆకాశం నుంచి ఊడిపడదు. ఐసీయూలో, డయాలసిస్ యూనిట్‌లో, ఆపరేషన్ థియేటర్‌లో ఎవరికి ఏం రావాలో ముందుగా చెబితే నర్సింగ్ కాలేజీ, ఉపాధి కార్యాలయం కలిసి మూడు నెలల్లోనో ఆరు నెలల్లోనో నేర్పించొచ్చు. భాషే రాని దేశానికి పంపడానికి జర్మన్ నేర్పగలిగిన సర్కారుకు, నగరంలోని దవాఖాన కోసం వెంటిలేటర్ చూసుకోవడం నేర్పించడం అసాధ్యమా? రెండో అభ్యంతరం, ఎక్స్ఛేంజీ జాబితాలు పాతబడ్డాయని. నిజమే. కానీ కొత్త జాబితా చేయడానికి ఊరూరా తిరగాల్సిన పని లేదు. నర్సుల పేర్లు తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్ దగ్గర, టెక్నీషియన్ల పేర్లు పారామెడికల్ బోర్డు దగ్గర ఉన్నాయి. డీట్ పేరుతో రాష్ట్రం డిజిటల్ ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీ కూడా పెట్టింది. ఈ మూడింటినీ కలపడానికి కావాల్సింది డబ్బు కాదు, మనసు.

స్థానికులకు ఇంత శాతం ఇవ్వాలని చట్టం చేయొచ్చు కదా అని విద్యార్థి మిత్రులు అడుగుతారు. హర్యానా ఆ పని చేసింది. నెలకు 30 వేల లోపు ప్రైవేటు కొలువుల్లో 75 శాతం స్థానికులకన్నది. 2023 నవంబర్‌లో పంజాబ్, హర్యానా హైకోర్టు దాన్ని కొట్టేసింది. కోర్టులో నిలవని చట్టం మీద ఆశ పెట్టుకుని పదేండ్లు గడపడం మనకు కొత్త కాదు. ముల్కీ రూల్స్ నుంచి ఆ గోస పడుతూనే ఉన్నాం. ఖాళీ సంగతి బయటపెట్టమనడం కోటా కాదు. మహబూబ్‌నగర్ పిల్లకు, ఆదిలాబాద్ పిల్లకు ఆ కొలువు ఉన్నట్టు తెలియాలనడం, పోటీలో నిలబడే అవకాశం ఇవ్వాలనడం. దాన్ని ఏ కోర్టు కొట్టేస్తుంది? నిజానికి మన పిల్లలు ఓడిపోతున్నది పోటీలో కాదు, పోటీ ఉందన్న సమాచారం అందక.

1959 చట్టం ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన ఆ కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. ఎక్స్ఛేంజీ పేరు కెరీర్ సెంటర్ అయింది. ఖాళీ తెలియజేయాలన్న బాధ్యత అలాగే ఉంది. అక్కడి నుంచే తీసుకోవాలన్న నిర్బంధం లేకపోవడమూ అలాగే ఉంది. బోర్డు మారితే బువ్వ రాదు. కాబట్టి రాష్ట్రం తన చేతిలో ఉన్న పట్టును వాడుకోవాలి.

ఆ పట్టు చిన్నదేం కాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ద్వారా ప్రైవేటు దవాఖానలకు పోతున్నది ప్రజల సొమ్ము. 2023 డిసెంబర్‌లో దాని పరిమితి పది లక్షలకు పెరిగింది. సర్కారు భూమి తీసుకున్న దవాఖానలు ఉన్నాయి. ఉద్యోగుల, పెన్షనర్ల వైద్యం బిల్లులు తీసుకుంటున్నవి ఉన్నాయి. ప్రజల సొమ్ము తీసుకునే చేయి, ప్రజల పిల్లలకు ఖాళీ చూపించడానికి ఎందుకు ముడుచుకోవాలి?

అందుకే మన డిమాండ్లు సూటిగా ఉండాలి. ఆరోగ్యశ్రీ ఒప్పందంలోనే, ప్రతి ఖాళీని జీతంతో సహా జిల్లా ఉపాధి కార్యాలయానికి, డీట్‌కు తెలపాలన్న షరతు పెట్టాలి. సర్కారు దవాఖానల్లో అవుట్‌సోర్సింగ్ సిబ్బందిని ఏజెన్సీ కాకుండా ఉపాధి కార్యాలయమే మెరిట్, రోస్టర్ ప్రకారం ఎంపిక చేయాలి. జీతం నేరుగా బ్యాంకు ఖాతాలో పడాలి. కొలువిప్పించినందుకు అభ్యర్థి దగ్గర పైసా తీసుకోవద్దు. సర్టిఫికెట్లు పట్టిపెట్టుకునే దవాఖాన మీద కేసు పెట్టాలి. టామ్‌కామ్ పరదేశానికి చేస్తున్న సేవను, ప్రతి జిల్లా ఉపాధి కార్యాలయం సొంత జిల్లా దవాఖానలకు చేయాలి.

ఉద్యోగ సంఘాలకు ఒక విన్నపం. సకల జనుల సమ్మెలో మీరు పెన్ను కింద పెడితే రాష్ట్రం కదిలింది. ఇప్పుడు మీ పక్క సీట్లో, మీ వార్డులో పనిచేస్తున్న ఏజెన్సీ నర్సు కోసం ఆ పెన్ను పైకెత్తండి. విద్యార్థి సంఘాలు జిల్లా ఉపాధి కార్యాలయాల ముందుకు పోయి ఒక్కటే అడగాలి: ఈ జిల్లాలోని ఎన్ని దవాఖానలు మీకు ఖాళీలు తెలిపాయి? జాబితా ఇవ్వండి. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలే ఖర్చు. జవాబు సున్నా అని వస్తే, కొట్లాట ఎక్కడ మొదలుపెట్టాలో మనకు తెలిసిపోతుంది.

కొలువు దొరకడం ఒకరి దయ కాకూడదని కొట్లాడినం. అది వలస పాలకుని దయ కాకూడదన్నది నిజమైతే, ఏజెన్సీ యజమాని దయ కూడా కాకూడదు.