ఉప్పు తగ్గించే ముందు ఒక మాట

బి.పి. ఉందని చెప్పగానే మన ఇళ్ళలో మొదట జరిగే పని కూరలో ఉప్పు మానేయడం. ఉప్పు తగ్గించడం మంచిదే. పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూనుకు తక్కువే చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆవకాయ, అప్పడం, ఊరు మిరపకాయలు, ఎండుచేపలు ఉన్న ఇంట్లో ఆ లెక్క ఇట్టే దాటిపోతుంది. కాబట్టి తగ్గించవద్దని మేము అనడం లేదు. ఎవరికి, ఎలా తగ్గిస్తున్నారన్నదే మా ప్రశ్న.

ఉప్పుకూ మనసుకూ సంబంధమేమిటని వార్డులో బంధువులు అడుగుతుంటారు. 2022లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం వారు చిట్టెలుకలకు ఉప్పెక్కువ మేత పెట్టి చూస్తే వాటిలో ఒత్తిడి హార్మోను 75 శాతం పెరిగింది. అది ఎలుకల సంగతి. దాన్నిబట్టి ఉప్పు తింటే దిగులు జబ్బు వస్తుందని చెప్పేయకూడదు. మాకు భయం కలిగించేది రెండవ వైపు.

కొందరు మానసిక జబ్బుకు ఏళ్ళ తరబడి లిథియం మాత్రలు వాడుతుంటారు. ఒంట్లో ఉప్పు హఠాత్తుగా తగ్గితే మూత్రపిండాలు సోడియాన్ని పట్టి ఉంచుకుంటూ, దానితోపాటు లిథియాన్ని కూడా పట్టేస్తాయి. మాత్ర అదే, మోతాదు అదే, రక్తంలో మందు మాత్రం విషమయ్యేంత పెరగవచ్చు. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, నడకలో తూలడం, మాట ముద్దగా రావడం, మగత దీని గుర్తులు. ఇంట్లోవారు జబ్బు తిరగబెట్టిందనుకుని ఇంకో మాత్ర వేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఇది కొత్త సంగతి కాదు. 1940లలో అమెరికాలో గుండె జబ్బువారికి ఉప్పుకు బదులుగా లిథియం క్లోరైడు అమ్మారు. ఉప్పు మానినవారే దాన్ని చల్లుకు తిన్నారు. కొందరు చనిపోయాక 1949లో అమ్మకం ఆపించారు. విచిత్రమేమిటంటే ఆ ఏడాదే ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు, లిథియం ఉన్మాద రోగులకు పనిచేస్తుందని ప్రకటించారు.

వృద్ధుల్లో మరొకటి చూస్తాం. మూత్రం ఎక్కువగా పోయే బి.పి. మాత్ర వేసుకుంటూ, ఉప్పు లేని జావతో సరిపెట్టుకునే అమ్మమ్మ ఒకనాడు మనుషుల్ని గుర్తుపట్టదు. గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. రక్తంలో సోడియం లీటరుకు 135 నుండి 145 మిల్లీమోల్సు ఉండాలి. బాగా పడిపోతే మతి తప్పుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. ముందు ఆ పరీక్ష చేయించండి.

ఇందులో మా తప్పూ ఉంది. డిశ్చార్జి చీటీ మీద ‘ఉప్పు తగ్గించాలి’ అని రాసి ఇచ్చేటప్పుడు, ఇంకెక్కడైనా మందులు వాడుతున్నారా అని అడగడం చాలాసార్లు మరచిపోతాం. మనోవ్యాధి మందుల మాట నలుగురిలో చెప్పడానికి మీరూ సిగ్గుపడతారు. చెవిలో చెప్పినా మాకు చాలు.

లిథియం వాడేవారు ఉప్పు తగ్గించాలన్నా, శ్రమదినాలలో ఉపవాసం ఉండాలన్నా ముందు డాక్టరుగారితో మాట్లాడండి. విరేచనాలు పట్టుకున్నా, ఎండదెబ్బ తగిలినా ఆలస్యం చేయక రండి. ఓ.పి.కి వచ్చేటప్పుడు వాడుతున్న మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని తెచ్చి, చీటీ రాసే సిస్టరుకు ముందే చూపించండి.