చేతిగడియారానికి పూచీ ఎవరు?

ఈ శీర్షిక కింద సాధారణంగా మాటల పుట్టుపూర్వోత్తరాలు ముచ్చటించుకోవటం మనకు అలవాటు. ఈ వారం మాటకంటె ముందు ఒక వస్తువు అడ్డం వచ్చింది. ఆ వస్తువు పుణ్యమా అని మాటా వస్తుంది లెండి, కాస్త ఓపిక పట్టండి.

మా అక్కను కోరుట్ల దగ్గర ఒక పల్లెలో ఇచ్చారు. మా బావ పసుపు పండిస్తాడు. 2024 మాఘమాసంలో మా మేనకోడలి పెళ్ళి కుదిరింది. పిల్లవాడు హైదరాబాదులో ఉద్యోగస్థుడు, బుద్ధిమంతుడు. అన్ని మాటలూ అయిపోయి తాంబూలాలు పుచ్చుకొనేవేళ పెళ్ళిపెద్ద గొంతు సవరించుకొని, "వాళ్ళేమీ అడగటంలేదు గాని, అబ్బాయికి మంచి గడియారమంటే మోజు" అన్నాడు. ఏమీ అడగటంలేదన్న మాట ఖరీదు ఎంతో ఆడపిల్లల తండ్రులను అడగాలి. ఈ మాట ఖరీదు రెండు లక్షల నలభై వేలయింది.

"నాలుగక్షరాలు సదువుకున్నోనివి, నువ్వు గూడ రా బామ్మర్దీ" అని బావ నన్ను వెంటబెట్టుకొని హైదరాబాదు బయలుదేరాడు. పసుపు అమ్మిన డబ్బు గుడ్డసంచీలో, ఆ సంచీ ఒళ్ళో. కరీంనగర్‌నుంచి సికిందరాబాదు దాకా బస్సులో ఒక్క కునుకు తీయలేదు. దుకాణంలో చల్లగాలి, మెత్తటి కుర్చీలు, కాఫీ, అన్ని మర్యాదలూ జరిగాయి. స్విట్జర్లాండు గడియారం ఒకటి ఎంపికయింది. బావ సంచీ ముడి విప్పుతూ ఉండగా బల్ల వెనక కుర్రవాడు వినయంగా అన్నాడు: "సార్, పాన్ కార్డు ఇప్పిస్తారా? ఆధార్ కూడా. ఒక ఫోన్ నెంబరు."

బావ ముఖం ఎర్రబడింది. "పైసలు నావి, పసుపు నాది. గడియారం కొనవస్తిని గాని దొంగతనానికి వస్తినా? నా కారటు గీనికెందుకు?" అని నావైపు తిరిగాడు.

కోపం న్యాయమైనదే. పల్లెటూరి మనిషికి గుర్తింపు అడగటమంటే అనుమానించటమే. అయితే కుర్రవాడిదీ తప్పు లేదు. ఒకే లావాదేవీలో రెండు లక్షల రూపాయలు దాటిన సరుకుకు కొనేవారి పాన్ నెంబరు రాసుకోవాలని 2016 జనవరి 1 నుంచి ఆదాయపు పన్ను నిబంధన వచ్చింది. గడియారమా, గాజులా అన్నది లెక్కలేదు. పాన్ లేనివారు దానికి బదులు ఒక కాగితం నింపి ఇవ్వాలి. ఇక సంచీ సంగతి. 2017 ఏప్రిల్ 1 నుంచి రెండు లక్షలు, అంతకు పైబడిన మొత్తం నగదుగా పుచ్చుకోవటం నిషేధం. పుచ్చుకొన్నవాడికి పుచ్చుకొన్నంత జరిమానా. అంటే ఆ సంచీ చూసి భయపడవలసింది మా బావ కాదు, దుకాణంవాడు.

ఈ మాట చెప్పగానే బావకు ఉత్సాహం వచ్చింది. "అట్లయితే రెండు బిల్లులు రాయి. ఒకదాంట్ల గడియారం, ఒకదాంట్ల దాని పట్టీ" అన్నాడు. సంతలో పుట్టి పెరిగిన తెలివి! కాని చట్టం రాసినవాడికీ ఆ తెలివి ముందే తట్టింది. ఒక మనిషినుంచి ఒక రోజున వచ్చినదంతా కలిపి చూస్తారు. ఒక లావాదేవీకి ఎన్ని విడతలుగా వచ్చినా కలిపి చూస్తారు. ఒకే సందర్భానికి ఇచ్చినవీ కలిపి చూస్తారు. పెళ్ళి ఒక సందర్భమే గదా. బిల్లులు చీల్చినందువల్ల ఒరిగేది లేదు సరిగదా, రేపు గడియారం చెడితే సగం ధరకు కొన్నట్టు కాగితం మిగులుతుంది.

అసలు భయం వేరే ఉన్నది. అది కాఫీకప్పు పక్కనబెట్టి చెవిలో చెప్పాడు: "ఇన్‌కంటాక్సోల్లు ఇంటికస్తరేమోరా." సేద్యపు రాబడిమీద ఆ పన్ను లేదు. పసుపు అమ్మిన మార్కెట్‌యార్డు చీటీలు ఇంట్లో భద్రంగా ఉన్నాయి. సొమ్ము ఎక్కడినుంచి వచ్చిందో చెప్పగలవాడికి కార్డు చూపటంలో చిక్కేముంది? ఆ మాట నేను చెబితే నమ్మలేదు. డబ్బు వెనక్కి తెచ్చి, బ్యాంకులో వేసి, బ్యాంకునుంచి దుకాణానికి పంపి, మరునాటి వారం మళ్ళీ వెళ్ళాము. బ్యాంకులోనూ ముందు అడిగింది పాన్ కార్డే! బావ నావంక చూసిన చూపు ఇప్పటికీ మరవలేదు.

అయితే అడిగినదల్లా ఇవ్వాలనీ లేదు సుమా. పాన్ నెంబరుకు నిబంధన ఉన్నది. ఆధార్ నకలు ఎందుకని నేను అడిగితే, "అలవాటుగా తీసుకుంటాం సార్" అన్నాడు కుర్రవాడు. అలవాటుకు ఆధార్ ఇవ్వనక్కరలేదని చెప్పాము, ఊరుకున్నాడు. ఫోన్ నెంబరు ఇవ్వనిదే సరుకు అమ్మమనటం తగదని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 మే నెలలో వర్తకులకు చెప్పింది. నమ్మి ఇచ్చిన వివరాలను, చట్టం కోరితే తప్ప, దుకాణంవాడు మరొకరికి చేరవేస్తే అది 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవటం కూడా అదే చట్టంలో అక్రమ పద్ధతే.

తరవాత పేరు దగ్గర పేచీ వచ్చింది. బిల్లు అల్లుడి పేర రాయమన్నాడు బావ. డబ్బు ఎవరిదో, పాన్ ఎవరిదో బిల్లు వారి పేరనే ఉంటుందన్నాడు కుర్రవాడు. గ్యారంటీ కార్డులో కొన్ని కంపెనీలు కొన్నవారి పేరు రాస్తాయి. చాలా కంపెనీలకు గడియారం వీపున చెక్కిన సంఖ్యే పేరు. మరి మామగారు కొన్న గడియారం అల్లుడి చేతిలో ఆగిపోతే అడిగే హక్కు ఎవరికి? వినియోగదారుడంటే కొన్నవాడే కాదు, కొన్నవాడి అనుమతితో వాడుకొనేవాడు కూడా అని చట్టం చెబుతున్నది. బాగానే ఆలోచించారు.

ఇప్పుడు మాట సంగతి. గ్యారంటీ, వారంటీ అని రెండూ వాడతాము. ఇంగ్లీషువాళ్ళకు ఇవి ఒకే కడుపున పుట్టిన బిడ్డలు. వెనకటి ఫ్రాన్సులో ఒక ప్రాంతంవారు వకారంతో పలికినదాన్ని మరో ప్రాంతంవారు గకారంతో పలికారు. రెండూ కాలువ దాటి ఇంగ్లీషులో కాపురం పెట్టాయి. హాస్టలు వార్డెనూ, పిల్లల గార్డియనూ అలా వచ్చినవాళ్ళే. మనకు పూచీ అనే చక్కని మాట ఉన్నది. దీంట్లో ఉన్న అందమేమంటే పూచీ అనగానే ఒక మనిషి ఎదుట నిలబడాలి. "ఎవరి పూచీ?" అని అడుగుతాము, "ఎన్నాళ్ళ పూచీ?" అని తరవాత అడుగుతాము. దుకాణాల్లో మాత్రం అందరమూ రెండో ప్రశ్నే ముందు అడుగుతున్నాము. రోలెక్సువారు 2015 జూలైనుంచి, ఒమెగావారు 2018 నవంబరునుంచి అమ్మిన గడియారాలకు ఐదేళ్ళ పూచీ ఇస్తున్నారు. ఐదేళ్ళన్న మాట చెవికి ఇంపుగానే ఉంటుంది. కాని ఆ కార్డుమీద అమ్మినవాడు కంపెనీ అధికారమిచ్చిన వర్తకుడై ఉండాలి, కొన్న తేదీ ఉండాలి, సంఖ్య సరిపోవాలి. కొందరు వర్తకులు ఎక్కడెక్కడి సరుకో చవకగా తెచ్చి, తమ సొంత పూచీ రాసిస్తారు. అది ఆ దుకాణం గడప దాటితే చెల్లదు. ఆ దుకాణమే ఎత్తివేస్తే అసలే చెల్లదు.

తేదీ విలువ నాకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. పదేళ్ళనాడు నేనొక ఆరువేల గడియారం కొన్నాను. దుకాణం పేరు ఎందుకు లెండి. కార్డుమీద ముద్ర వేశాడు, తేదీ వేయలేదు. నేనూ చూసుకోలేదు. ఎనిమిది నెలలకు ఆగిపోయింది. తేదీ లేదు గనుక బిల్లు తెమ్మన్నారు. ఇల్లంతా వెదికితే శబ్దరత్నాకరంలో, పుటకు గుర్తుగా నేనే పెట్టుకొన్న బిల్లు దొరికింది. సంతోషంగా విప్పి చూద్దును గదా, తెల్లకాగితం! ఈ రోజుల్లో బిల్లులు వేడితో అచ్చయ్యే కాగితంమీద ఇస్తారు. నాలుగు నెలలకు అక్షరాలు ఆవిరవుతాయి. పద్దెనిమిదివందలు పెట్టి బాగుచేయించుకొన్నాను. అప్పటినుంచి మా ఇంట్లో ఏ బిల్లు వచ్చినా ఆ సాయంకాలమే జెరాక్సు తీయించటం మా ఆవిడ పని. నామీద నమ్మకం లేదట.

కార్డు వెనక సన్న అక్షరాలూ చదవాలి. పట్టీ, అద్దం, బ్యాటరీ సాధారణంగా పూచీలోకి రావు. కొత్త గడియారాన్ని టవర్ సర్కిల్‌లో తెలిసినవాడి దగ్గర మూత తెరిపించి బ్యాటరీ వేయించామా, చాలా కంపెనీల పూచీ అక్కడితో సరి. ముప్పై మీటర్ల నీటికి తట్టుకొంటుందని రాసి ఉంటే అది చేతులు కడుక్కోవటానికి, వాన తుంపరకు. దాంతో మానేరులో ఈతకు దిగితే ఆ పాపం కంపెనీది కాదు.

మన జిల్లాల్లో మరొక దారిన వచ్చే గడియారాలున్నాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పక్క పల్లెల్లో కొడుకు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉండని వీధి అరుదు. మా వీధి పెద్దాయనకు అలాగే కొడుకు ఒక గడియారం పంపాడు, సెలవుమీద వస్తున్న స్నేహితుడి చేత. కార్డున్నది, దానిమీద అక్షరం ముక్క లేదు. బిల్లు కొడుకు గదిలోనే ఎక్కడో పోయింది. ఏడాది తిరక్కముందే ముల్లు నిలిచిపోతే కంపెనీవారు చేతులెత్తేశారు. అంతటితో పోయింది అదృష్టం. 1962 కస్టమ్స్ చట్టంలో 123వ సెక్షను అని ఒకటున్నది. దొంగసరుకన్న సహేతుకమైన నమ్మకంతో అధికారులు ఒక వస్తువును పట్టుకొంటే, అది దొంగసరుకని వారు రుజువు చేయటం మామూలు పద్ధతి. ఈ సెక్షనులో మాత్రం, కాదని రుజువు చేసుకొనే భారం మనది. ఏయే వస్తువులకని చూస్తే బంగారం పక్కనే గడియారాలు! విదేశీ గడియారాలు దొంగచాటుగా ఓడల్లో దిగుతున్న రోజుల్లో రాసిన చట్టమది. ఓడల కాలం పోయినా ఆ మాట చట్టంలోంచి పోలేదు. అంచేత గల్ఫునుంచి వచ్చే అబ్బాయిలు అక్కడి దుకాణం బిల్లు, ముద్ర వేసిన కార్డు తప్పక తెచ్చుకోవాలి. సుంకం లేని పరిమితి 2016 నిబంధనల్లో యాభై వేలుగా ఉండేది. ఇలాంటి అంకెలు మారుతూ ఉంటాయి గనుక బయలుదేరేముందు కనుక్కోవటం మేలు. పరిమితి దాటితే విమానాశ్రయంలో చెప్పి సుంకం కట్టి, ఆ రసీదూ దాచాలి.

పది లక్షలు దాటిన చేతిగడియారానికి దుకాణంవాడే నూటికి ఒక రూపాయి పన్ను వసూలుచేసి కొన్నవారి పాన్‌కు జమకట్టాలని 2025 ఏప్రిల్ 22న మరొక ప్రకటన వచ్చింది. ఈ పత్రిక చదివే ఇళ్ళలో దాంతో అవసరం పడేవారు ఎందరో నాకు తెలియదు. పడితే, అది పోయే సొమ్ము కాదు, మన పన్నులో లెక్కకు వస్తుందని గుర్తుంచుకొంటే చాలు.

మా నాన్నగారి చేతిన హెచ్.ఎం.టి. జనతా ఉండేది. 1961లో జపానువారి సిటిజన్ సాయంతో బెంగుళూరులో మొదలైన ఆ గడియారాల వ్యాపారాన్ని మూసివేయటానికి 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకొన్నది. పూచీ ఇచ్చినవారే లేరు. గడియారం మాత్రం పొద్దున్నే కీ ఇస్తే సాయంకాలానికి రెండు నిమిషాలు వెనకబడి నడుస్తూనే ఉన్నది.

ఇక పెళ్ళి సంగతి. గడియారం పెట్టె ఇంటికి వచ్చిన రాత్రి అందరూ దాన్ని చూస్తూ ఉంటే మా అక్క మాత్రం బిల్లు అందుకొన్నది. "తమ్మీ, దీని పేర ఎవలిది?" అన్నది. బావదే అన్నాను. "అయితే ఇది పెట్టెల పోవద్దు. పిల్ల దగ్గరుంటది" అన్నది. అడిగి పుచ్చుకొన్నది కట్నమే, దానికి చట్టంలో శిక్ష ఉన్నది. అడగకుండా పెట్టిన కానుకలకు, ఏ వస్తువు, సుమారు విలువ ఎంత, ఇచ్చినది ఎవరు, వారు ఏమవుతారు అని జాబితా రాసి ఉంచాలని 1985లో నిబంధనలు చేశారు. మా అక్క ఏడో తరగతి దాటలేదు. ఆ నిబంధనలు ఆమె ఎన్నడూ వినలేదు. బడి నోటుపుస్తకంలో మంచంనుంచి మెట్టెలదాకా వరసగా తన చేతనే రాసింది. అల్లుడి గడియారం దగ్గరికి వచ్చేసరికి "ఇచ్చినది" అన్నచోట బావ పేరు రాసి, కాసేపు ఆగి, పక్కన "పసుపు పైసలు" అని చేర్చింది. బావ చూసి, "గది గూడ రాయాల్నా?" అన్నాడు. ఆమె జవాబు చెప్పలేదు.

నిరుడు ఒకనాడు మేనకోడలు ఫోన్ చేసింది. "మామయ్యా, ఆయన గడియారం రోజుకు పది నిమిషాలు ముందుకు పోతున్నది. పెట్టె ఎక్కడుందో తెలవదట. కార్డు, బిల్లు నా దగ్గరున్నయ్. నేనే పోతున్న" అన్నది. వెళ్ళింది. దుకాణంలో బిల్లుమీద పేరు చూసి, "ఈయన మీకేమవుతారమ్మా?" అని అడిగారట. "మా బాపు" అన్నదట. మూడు వారాలకు బాగుచేసి ఇచ్చారు, పైసా పుచ్చుకోలేదు.